అరికాలి నలుపు

ఉడుకుతున్న నల్లరంగు తొట్టిలో చుట్టలుగా కట్టిన నూలు చిలపలు ముంచి, కర్రతో తిప్పి, పైకెత్తి పిండుతున్నాడు ఫక్రుద్దీన్. ఎమ్మిగనూరు మగ్గాలమీద నేసే చీరల అంచుకు చిక్కటి నలుపు కావాలంటే అతని తొట్టి దగ్గరికే రావాలి. మోచేతులదాకా రంగు, మోకాళ్ళదాకా రంగు. పెళ్ళినాడు కూడా గోళ్ళలో నలుపు పోలేదని అత్తగారు మూతి ముడిచిందట. ఇప్పుడు ఎడమకాలు ఆనించలేక కుంటుతూ తిరుగుతున్నాడు. గజ్జలో నిమ్మకాయంత గడ్డ. నిన్ననే కర్నూలు ఆసుపత్రినుంచి వచ్చాడు.

రెండేళ్ళ కిందట, అంటే డెబ్బై ఏడులో, ఎడమ అరికాల్లో మచ్చ కనబడితే అదీ రంగేననుకున్నాడు. బ్లీచింగు పొడి చల్లి ఇటుక ముక్కతో రుద్దాడు. భార్య హసన్‌బీ సీకాయ పెట్టి రుద్దింది. "నీ రంగు శానా గట్టిదప్పా, ఒంట్లోకే దిగింది" అని మగ్గాలవాళ్ళు నవ్వితే అతనూ నవ్వాడు, కాస్త గర్వంగానే.

మచ్చ వంకరటింకరగా పెరిగి నెత్తురు కారాక ఆదోని డాక్టరు దగ్గరికి పోయాడు. ఆ మహానుభావుడు కుర్చీలోంచి లేవలేదు. కాలెత్తి చూపబోతే ముఖం తిప్పుకుని, "రంగుపనివాడివి కదూ? రంగుపుండే. మందు రాసుకో, కాళ్ళు కడుక్కోవడం నేర్చుకో" అన్నాడు. మళ్ళీ పోతే మళ్ళీ అదే మాట.

కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రం ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని చూసింది. ముక్క కోసి పరీక్షకు పంపింది. నిన్న అంతా విడమరిచి చెప్పింది.

"ఇది బయటి రంగు కాదు. చర్మానికి రంగు తయారుచేసే కణాలు లోపలే ఉంటాయి. అవి అదుపు తప్పి పెరిగాయి. క్యాన్సరు. ఇది తెల్లవాళ్ళ జబ్బని పుస్తకాల్లో చదువుకుని, మనవాళ్ళ అరికాళ్ళు చూడటం మానేశాం. చిన్నగా ఉన్నప్పుడే కోసేసి ఉంటే బతికేవారేమో. ఇప్పుడు గజ్జకు పాకింది."

కోసేసి ఉంటే. ఆ మాట తలుచుకుంటూ చేతిలోని చిలపను కసిగా పిండాడు. చిలపలు ఆరేసి, చేతులు తుడుచుకుని బయల్దేరాడు.

"యాడికి పోతాండావు ఈ కాలేసుకొని?" అంది హసన్‌బీ.

"ఆదోనికి. సూపించొస్తా."

ఆదోనిలో వరసలో కూర్చున్నవాళ్ళను దాటుకుని నేరుగా లోపలికి పోయాడు. గుడ్డకట్టు విప్పి, పాదాన్ని డాక్టరు బల్లమీద పెట్టాడు.

"ఏమయ్యా, కాలు దించు."

"దించను సార్. అప్పుడు సూపిస్తే సూడకపోతివి. ఇప్పుడు ముట్టుకోని సూడు. రంగైతే నీ చేతికి అంటుకుంటాది."

కాంపౌండరు వచ్చి రెక్క పట్టుకు లాగాడు. ఫక్రుద్దీన్ కదలలేదు. గుమ్మంలో జనం మూగారు. చివరికి డాక్టరు వేలితో ఆ నలుపును తాకాడు, తడిమాడు, వేలు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"మా ఈదిలో అందరివీ ఇట్లాంటి కాళ్ళే సార్. ఇంగొకడు మచ్చ సూపిస్తే ముక్క కోసి కర్నూలుకు పంపు. కాళ్ళు కడుక్కోమనొద్దు."

బయటికొచ్చినా కోపం చల్లారలేదు. ఎట్లా చల్లారుతుంది? పోయేది తన ప్రాణం. పుండుకు తడి తగలనీయొద్దని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి, బస్టాండు దగ్గర టైరు చెప్పులు కొన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి జత. ఎడమ పాదం వాచిపోయి కట్టుతో చెప్పులో పట్టలేదు. కుడిది తొడుక్కుని, ఎడమది చేత పట్టుకుని బస్సెక్కాడు.

తరవాత కూడా ఒంటికాలి చెప్పుతోనే పని చేశాడు. రంజాన్ నెల మొదట్లో, ఒక మధ్యాహ్నం, తొట్టి కింద మంట ఆరకముందే గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

అతను పోయాక ఒకనాడు హసన్‌బీ ఇల్లు ఊడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. కుడి చెప్పు మడమ దగ్గర అరిగి, రంగుకు నల్లబడి ఉంది. ఎడమదానికి అంగట్లో కట్టిన దారం ముక్క ఇంకా వేలాడుతోంది.