లోపలి గది మాట

“మైసమ్మా, కవర్ తే!”

వంటింట్లోంచి సుచరిత కేకేసేసరికి, గిన్నెలు తోముతున్న మైసమ్మ తడి చేతులతోనే లేచి నిలబడింది. ఆ ఇంట్లో తల కింది మెత్తకు తొడిగేది కవరే, పాలొచ్చేది కవర్లోనే, ఫోనుకూ మిక్సీకీ కూడా కవరే. ఏది తేవాలి? కాళ్లు ఒకటి అటు, ఒకటి ఇటు లాగాయి.

లోపలి గదిలో మంచాన పడి ఉన్న సుచరిత అత్త గుర్వమ్మ దగ్గింది. “కొత్తిమీర దులుపుతాంది, ఇనవడ్తలేదానే? సంచి తీస్కపో!”

చిట్యాలలో మైసమ్మకు ఇది మూడో ఇల్లు. ‘ఒకటి చెప్తే ఒకటి తెస్తది’ అని మొదటి రెండిళ్లవాళ్లూ మాన్పించారు. ఇక్కడ నిలబడిందంటే గుర్వమ్మ వల్లే. గొర్ల మంద వెంట తిరిగిన మనిషి. పక్షవాతంతో కాళ్లు పడిపోయినా చెవులతోనే ఇల్లంతా తిరిగేది. గిన్నె మోతను బట్టి, కోడలి అడుగును బట్టి ఏది అడిగిందో పోల్చి చెప్పేది. తప్పు పోతే, “నేనే తెమ్మన్న, నాకే మతి తప్పింది” అని తిట్లు తన మీద వేసుకునేది.

“నువ్వు లేకుంటే నన్ను ఎల్లగొడ్తరవ్వా.”

“నేను యాడికి పోతనే? కాళ్లే లెవ్వు గద!”

మధ్యాహ్నం పెరట్లోంచి మళ్లీ కేక: “మైసమ్మా, షీట్ తెచ్చి వెయ్యి!”

మంచం మీద పరిచేదీ షీటే, వానొస్తే బండి మీద కప్పేదీ షీటే. మైసమ్మ గది గుమ్మం దగ్గర చెవి పెట్టింది. మాట రాలేదు.

“అవ్వా?”

గుర్వమ్మ నోరు కొద్దిగా తెరిచి, గోడ వైపు తిరిగి ఉంది. మైసమ్మ అవ్వ పాదం ముట్టి చూసింది. చల్లగా తగిలింది.

పొద్దు గూకేలోపు అంతా అయిపోయింది. డప్పుల మోత ఊరి బయటికి పోయింది. ఇల్లు కడుగుతూ, ఏడ్చి కళ్లుబ్బిన సుచరిత అంది: “ఆ స్టాండ్ జర పక్కకు పెట్టు.”

మైసమ్మ అలవాటుగా లోపలి గది వైపు తల తిప్పింది. అట్లాగే ఉండిపోయింది. సుచరిత ఆమెనూ ఆ గుమ్మాన్నీ మార్చి మార్చి చూసింది.

“అత్తమ్మనా... ఇన్ని దినాలు నీకు చెప్పింది?”

అవునంటే పని పోతుంది. కాదంటే అవ్వ లేనట్టే అవుతుంది. మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవునన్నట్టు తలూపింది.

సుచరిత మందు సీసాల స్టాండును తనే గోడకు జరిపింది. “లోపల నువ్వే సదురు” అని వాకిట్లోకి పోయింది. రేపు రమ్మన్నట్టో, ఇదే ఆఖరన్నట్టో మైసమ్మకు అంతుపట్టలేదు.

మంచం పక్క గూట్లో, తర్వాత నములుదామని అవ్వ దాచుకున్న సగం వక్క మీద పంటి గాట్లు కనిపిస్తున్నాయి.