చేపకు మెట్లు

నేను ఒక గాజు తొట్టిని. చేపల తొట్టినంటే మీరు వెంటనే నమ్మకపోవచ్చు. నేను నమ్మడానికే చాలా కాలం పట్టింది. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టుకు అద్దాలు బిగించగా మిగిలిన సన్నటి ముక్కలను అతికించి నన్ను తయారుచేశారు. ముక్కలు ఎలా ఉంటే నేనూ అలాగే ఉంటాను కదా! వెడల్పు జానెడే వచ్చింది, ఎత్తు మాత్రం మూర దాటిపోయింది.

చేపలమ్మే బాషా నన్ను తెచ్చి తన దుకాణం గుమ్మం పక్కన నిలబెట్టాడు. వచ్చినవాళ్లు నన్ను చూసి పూలకుండీనా అని అడిగేవారు. వానాకాలంలో తడిసిన గొడుగులను నాలో దూర్చి లోపలికి వెళ్లేవారు. వాటికోసమే పుట్టానేమోనని నేనూ సర్దుకున్నాను.

అలాంటి రోజుల్లో మంగతాయారు వచ్చింది. నడివయసు మనిషి, ముఖంలో నిద్రలేమి కనిపిస్తోంది.

"చేపల తొట్టి కావాలి బాబూ. మంచం పక్కన కిటికీ గట్టు మీద పట్టాలి. పడుకున్న మనిషికి కనపడాలి."

"ఆయ్, అయితే ఇదొక్కటే ఉందండి. కాకపోతే చేపలకి ఎత్తు కన్నా వెడల్పు ఉంటే మంచిదండి. అవి అడ్డంగా ఈదుతాయి గదా."

"ముందు మా ఆయనకి కనపడనీ నాయనా. ఈత సంగతి తర్వాత చూద్దాం."

ఆమె భర్త గవర్రాజు కూరగాయల మార్కెట్లో వేలం పాట పాడిన మనిషి. ఆయన కేక వేస్తే మార్కెట్టంతా ఆయనవైపు తిరిగేదట. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, అంతకన్నా ఎక్కువగా మాట చెడింది. నోరు పడిపోలేదు గాని, ఒక మాట అనబోతే ఇంకొకటి వచ్చేది. దాహం వేస్తే "గొళ్లెం" అనేవాడు. తాయారు పరుగున వెళ్లి తలుపు గొళ్లెం పెట్టేది. ఆయన తల అడ్డంగా ఊపితే మళ్లీ తీసేది. చివరికి ఆయన దాహంతోనే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదన్న సంగతి ఒక్కటే నాకు అర్థమైంది.

కళ్లెదుట ఏదైనా కదులుతూ ఉంటే దాని గురించైనా మాట్లాడాలనిపిస్తుందేమోనని తాయారు ఆశ. ముద్దుగా ఉన్నాయని గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వేసింది. బొద్దుగా, నారింజ రంగులో ఉన్న ఆ చేపలు నాలో తిరగడానికి చోటు చాలక ఒకదాన్నొకటి రాసుకునేవి. నీళ్లు మసకబారాయి. అవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి వేస్తోందనుకుని తాయారు ఇంకాస్త మేత వేసింది. నీళ్లు మరింత చెడ్డాయి. ఒక ఉదయం చేపలు పక్కకు ఒరిగి తేలుతూ కనిపించాయి. గవర్రాజు వాటిని చూసి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. తాయారు నామీద తువ్వాలు కప్పేసింది.

"ఏదో చెయ్యబోయి ఆయన్ని ఇంకా కుంగదీశాను," అంది పక్కింటి ఇమ్మానుయేలుతో.

ఇమ్మానుయేలు వైరింగు పనులు చేస్తాడు, అడక్కుండానే సలహాలు కూడా ఇస్తాడు. "ఎత్తు తొట్టికి ఎత్తు చేప వెయ్యాలి పిన్నిగారూ! ఏంజెల్ చేపలని ఉంటాయి, గాలిపటాల్లా ఉంటాయండి," అన్నాడు.

గాలిపటాలు వచ్చాయి. అందంగానే ఉన్నాయి. వాటికి తగినట్టే ఉన్నాననుకుని కాస్త పొంగిపోయాను. ఇంతలో పెద్దది చిన్నదాని రెక్కలు కొరికి మూలకు తరిమేసింది. నాలో పారిపోవడానికి మూల తప్ప వేరే చోటేదీ? తాయారు వాటిని వెనక్కి తీసుకెళ్లింది. పెరిగితే ఎలాగూ ఆ తొట్టి చాలదండి అని బాషా ఇప్పుడు చెప్పాడు. బదులుగా నీలం రంగు ఫైటర్ చేపనిచ్చాడు.

"ఇది ఒంటరిగానే ఉండాలండి. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. మీ తొట్టికి ఇదే నయం."

దాని తోక పట్టు పావడాలా పరుచుకునేది. తాయారు నన్ను అంచుదాకా నింపింది. చేప అడుగు నుంచి బయలుదేరి, ఆ బరువైన తోకను ఈడ్చుకుంటూ పైదాకా వచ్చి, ఒక గుక్క గాలి తీసుకుని, మళ్లీ అడుక్కి జారిపోయేది. ఇన్నాళ్లకు నా ఎత్తు ఒకరికి పనికొచ్చిందని మురిసిపోయాను. అయితే పోనుపోను అది అడుగునే వాలిపోయి ఉండసాగింది.

గవర్రాజు మాత్రం దిండుకు ఆనుకుని కూర్చుని దాన్నే చూసేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "మెట్లు," అన్నాడు.

"ఏంటండీ?"

"మెట్లు! మేడ... మెట్లు!"

తాయారు ముఖం విప్పారింది. డాబా మీదికి వెళ్తారు కాబోలు! ఇమ్మానుయేలును కేకేసింది. ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని ఆయన్ని పైకి నడిపించారు. మెట్ల మీద వాళ్ల రొప్పులు నాదాకా వినిపించాయి. కాసేపటికి ఆయన్ని దించుకొచ్చారు. మంచం మీద కూర్చోగానే ఆయన ఎడమచేత్తో పట్టెను బాదుతూ మళ్లీ, "మెట్లు!" అని అరిచాడు.

తాయారు నా పక్కనే నేలమీద కూలబడిపోయింది.

"ఇంకే మెట్లండీ? ఎక్కించాం, దించాం. నాకు తెలీట్లేదండీ. నావల్ల కావట్లేదు."

ఏడుపుతో కలిసి ఆయాసం వస్తోంది. నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. అప్పుడే అడుగున పడుకున్న చేప కష్టంగా కదిలింది. సగం దాకా వచ్చి ఆగింది. మళ్లీ తోక ఆడించి, ఎలాగో పైకి చేరి, గుక్కెడు గాలి మింగి, రాయిలా కిందికి దిగిపోయింది. తాయారు ఏడుపు ఆగింది. చేపను చూసింది, భర్తను చూసింది.

"దీనికా? ఎక్కలేకపోతోందనా?"

గవర్రాజు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నా.

ఆమె చెంబు తెచ్చి నాలోని నీళ్లు సగానికి తోడేసింది. మర్నాడు బాషా దగ్గర వెడల్పాటి ఆకుల మొక్క తెచ్చి, ఆకులు ఒకదానిపై ఒకటి మెట్లలా నిలిచేలా నాటింది. చేప ఒక్కో ఆకు మీదా కాసేపు ఆగుతూ పైకెక్కింది. చివరి ఆకు మీద, నీటి అంచుకు కాస్త కింద, తోక పరుచుకుని పడుకుంది.

"సగం తొట్టి బోసిగా ఉంది గదండీ పిన్నిగారూ," అన్నాడు ఇమ్మానుయేలు.

అవును, ఉంది. ఖాళీగా మిగిలిన నా పై సగం దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. మునుపటిలా దాని గురించి బాధపడను.

ఆ తర్వాత ఒక ఉదయం తాయారు వంటింట్లో పోపు వేస్తోంది. చేప గాజు దగ్గరికి వచ్చి గవర్రాజుకు ఎదురుగా నిలబడింది. ఆయన దాన్ని తదేకంగా చూస్తూ, "తాయారూ," అన్నాడు.

జబ్బు చేసినప్పటి నుంచి ఆమెను తాళం అన్నాడు, తమలపాకు అన్నాడు. పేరు మాత్రం ఏనాడూ నోటికి రాలేదు. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. ఆయన చూపు ఇంకా చేప మీదే ఉంది. పిలిచింది భార్యనో, చేపకే ఆ పేరు పెట్టాడో, నాకు తేలలేదు. ఆమె అడగలేదు.

"ఆఁ, వస్తున్నానండీ," అంది తాయారు. అప్పటికే వచ్చి ఆయన పక్కన నిలబడి ఉంది.