ఏడో బోరు పెట్టె

మురసే షుంజి అనే ఆ భూగర్భశాస్త్ర పెద్దమనిషి, కొండ జారే మేర చూపే పటం మీద ఎర్రగీతను ఇంకో అరవై మీటర్లు కిందికి గీసి ఉంటే, యోసాకుకు ఈ తుపాను వానలో బురదలో మోకాళ్ళ మీద పాకే ఖర్మ పట్టేది కాదు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. దేవదారు తోటలో నేల బీటలిచ్చిన చోట, బీటకు అటొకటి ఇటొకటి గుంజలు పాతి, వాటికి అడ్డంగా పలక కొట్టి, ఆ పలకను నడిమికి రంపంతో కోసి వదిలేశారు. కొండ కదిలితే కోత దగ్గర సందు పెరుగుతుంది. మామూలుగా నెలకో మిల్లీమీటరు. నిన్న సాయంత్రానికి నాలుగు. యోసాకు ఉక్కు స్కేలు ఆనించి, కళ్ళమీది నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

పంతొమ్మిది.

యాభైమూడేళ్ళ మనిషి. పొట్టి. బోరు యంత్రం పైకి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో పేర్చి, కొయ్య చట్రానికి కట్టి, వీపున మోసుకుంటూ దింపడం అతని పని. ఇరవై ఏళ్ళ మోతకు కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. గోళ్ళ సందుల్లో బూడిదరంగు ఎంత తోమినా పోదు. ఆరో తరగతితో చదువు ఆగింది గానీ, రాయిని నాలుకతో తాకి అందులో బంకమట్టి ఉందో లేదో చెప్పగలడు. పటం కింద మాత్రం మురసే పేరే ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఏడో బోరు యోసాకు పొలం గట్టునే వేశారు. పద్నాలుగు మీటర్ల లోతున కడ్డీ నలభై సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. గొట్టంలోంచి పొంగిన నీళ్ళు నీలంగా, జారుగా ఉన్నాయి. మెత్తటి బంకమట్టి నీళ్ళలో కొట్టుకుపోయిందన్నమాట. కొండ జారేది అలాంటి పొర మీదే. అలాంటప్పుడు పెట్టెలో ఆ మేర ఖాళీ వదిలి, చెక్కముక్క పెట్టి, దాని మీద లోతు రాయాలి. చెక్కముక్క యోసాకు చేతిలోనే ఉంది.

"ఖాళీ పెట్టెలు పంపితే ఆఫీసులో నా మొహాన కొడతారయ్యా. దగ్గరికి జరుపు," అన్నాడు మురసే, గొడుగు కింద నుంచి.

యోసాకు జరిపాడు. మీదివీ కిందివీ ముక్కలు కలిశాయి. పెట్టె నిండుగా కనబడింది. బంకమట్టి లేదు కాబట్టి కొండ అక్కడ గట్టిదేనని రాసుకుని, ఎర్రగీతను పొలానికి ఎగువనే ఆపేశాడు మురసే. గీత లోపలి నేలను ఎవరూ కొనరు. తన పొలం బయటపడినందుకు ఆ రాత్రి యోసాకు రెండు గిన్నెల సారా ఎక్కువ తాగాడు. పొలం పక్కనే మేనత్త ఇసెనో ఇల్లు.

పంతొమ్మిది చూశాక యోసాకు కిందికి పరుగెత్తి ఊరి కొట్లో ఫోనందుకున్నాడు.

"ఆ ఇల్లు గీతకి బయట కదా," అన్నాడు ఊరి ఆఫీసు గుమాస్తా.

"గీత తప్పు బాబూ. ఏడో బోరులో బంకమట్టి ఉంది. పెట్టెలో ఖాళీని నేనే మూసేశాను."

"నువ్వా?" అన్నాడు గుమాస్తా. "మురసే గారు రాసిస్తే తప్ప మనుషుల్ని తరలించడానికి నేను లారీ పంపలేను. ఆయన ఊళ్ళో లేరు."

ఎనభై ఒక్కేళ్ళ ఇసెనో పొయ్యి దగ్గర పుల్లకు గుచ్చిన బంగాళాదుంపలు కాలుస్తోంది. ఇంటి వెనక ఊట నీళ్ళు పాలలా తెల్లబడి వస్తున్నాయి.

"అత్తా, తలదాచుకోను బడికి పోదాం పద. కొండ కదులుతోంది."

"ఎప్పుడు కదల్లేదురా ఇది? జారింది కాబట్టే ఇక్కడ మట్టి ఉంది, మట్టి ఉంది కాబట్టే మనం తింటున్నాం. ఆ గొడుగాయన మనకి భయం లేదన్నాడుగా?"

"ఆయనకేం తెలుసు! నేను పెట్టె మూసేశాను. ఖాళీ ఉండాల్సిన చోట ముక్కలు జరిపేశాను."

ఆమె పుల్ల తిప్పడం ఆపింది. "ఎందుకురా?"

"జరపమన్నాడు."

"వాడు అన్నాడు సరే. నువ్వెందుకు జరిపావని అడుగుతున్నా."

యోసాకు చట్రం గుమ్మం దగ్గర దించి తాళ్ళు సడలించాడు. ఇసెనో నిప్పు మీద బూడిద కప్పింది. లోపలి గదిలోకి వెళ్ళి ఏదో సర్దుకుని వచ్చి, గుమ్మంలో కూర్చుని వీపు చాపమన్నట్టు చెయ్యి ఊపింది. అతను ఆమెను చట్రం మీద కూర్చోబెట్టి తాడు బిగించాడు. మనిషి అతను రోజూ మోసే రాతిపెట్టెల మోతలో సగం బరువు కూడా లేదు.

"మెల్లిగా కట్టరా, నేనేం రాయినా? వీపు మీద నంబరు కూడా రాస్తావా ఏం?"

"నోరు మూసుకో అత్తా. వాన నోట్లోకి పోతుంది."

దారి మూడుచోట్ల తెగింది. బడికి చేరేసరికి ఇద్దరూ ముద్దగా తడిసిపోయారు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. ఎవరో దుప్పటి కప్పారు, టీ ఇచ్చారు. నాలుగు గంటలకు కొండ మీంచి ఒక మూలుగు లాంటి చప్పుడు వచ్చి, చాలాసేపు ఆగలేదు. అది ఆగాక యోసాకు వెళ్ళి దారి వంపు దగ్గర నిలబడి చూసి వచ్చాడు.

"ఇల్లు?" అంది ఇసెనో.

"ఉంది. మట్టి గోడ దాకా వచ్చి ఆగింది."

"చూశావా!" అని నవ్వింది. "ఉత్త పుణ్యానికి తడిపావు కదరా నన్ను."

పొలం సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అన్నం ముద్దల కోసం వరసలో నిలబడి రెండు తెచ్చేసరికి ఆమె గోడకు తల ఆనించి ఉంది. టీ ఒలకలేదు. యోసాకు ఒక ముద్ద ఆమె ముందు పెట్టి, ఒకటి తాను తింటూ, ఆమె ఊపిరి తీయడం లేదని చూసి సగంలో ఆగిపోయాడు.

ఆడవాళ్ళు వచ్చి దుప్పటి తీసి, తడిబట్టలు విప్పారు. నడుముకు చుట్టుకున్న నూనెగుడ్డ మూట ఒకటి అతని చేతికిచ్చారు. విప్పి చూశాడు. కొండపొలాల్లో వేసే సోబా ధాన్యపు విత్తనాలు. ఒక్క గింజ తడవలేదు. వచ్చే వారం చల్లడానికి ఏరి, తూర్పారబట్టి, కొలిచి కట్టినవి. సరిగ్గా యోసాకు పొలానికి, ఇప్పుడు ఎక్కడా లేని ఆ నూట రెండు త్సుబోల నేలకు, సుమారు ఎనిమిది సెంట్లకు, సరిపోయేటన్ని.