బెల్లం తిన్న బేబీ సీటు

నేను ఒక కుర్చీని. అయితే నా మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ నడక రాదు, సగం మందికి పళ్ళు కూడా రాలేదు. కారు వెనక సీట్లో, వెనక్కి తిరిగి, కారు బెల్టు నా నడుముకి బిగించుకుని కూర్చుంటాను. చంటిపిల్లల్ని నా బెల్టులతో కదలకుండా పట్టుకుంటాను. పైన పిడి ఉంది కనక బుట్టలా ఎత్తుకుపోవచ్చు కూడా. బేబీ సీటు అంటారు నన్ను. కాళ్ళు లేని నేను గోదావరి జిల్లాల్లో తిరగని ఊరు లేదంటే నమ్మండి.

పుట్టింది ఒక కర్మాగారంలో. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి నన్ను తీశారు. మెత్తటి స్పాంజి, పైన బూడిదరంగు గుడ్డ, రెండు భుజాల మీంచి దిగే బెల్టులు, వాటి రెండు నాలుకలూ వచ్చి దూరే ఒక లాకు. ఆ లాకే నా ప్రాణం. నాలుకలు దూరగానే ‘టక్’ మనాలి. అనకపోతే నేను వట్టి ప్లాస్టిక్కు తొట్టిని. నా తోడబుట్టినదాన్ని ఒకదాన్ని, లోపల కట్టిన పసిబిడ్డ బొమ్మతో సహా గోడకేసి కొట్టి, బొమ్మకి ఏమీ కాలేదని చూసుకున్నాకే మా అందరికీ పాస్ ముద్ర కొట్టారు. మనుషులు మంచివాళ్ళే, కాస్త మొరటు.

మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ఒక జంట. ఇంటికి వెళ్ళిన రోజునే పిల్లవాడి నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, “పసిగుడ్డుని తాళ్ళతో కట్టేస్తారుటే? వాడేం దొంగతనం చేశాడనీ?” అంది. అంతే, నా ఉద్యోగం ఊడింది. ఆ పిల్లవాడు ఒళ్ళోనే పెరిగాడు, నేను బాల్కనీలో బట్టల క్లిప్పులు మోశాను. వాళ్ళకి రాజమండ్రి బదిలీ అయితే సామాన్లతో పాటు వచ్చాను. మళ్ళీ బదిలీ అయి వెళ్ళిపోతూ, తమని విమానాశ్రయంలో దింపిన టాక్సీ డ్రైవరు అబ్బులు చేతిలో నన్ను పెట్టారు. “దీంట్లో ఎవరూ కూర్చోలేదు, కొత్తదే” అన్నారు. అది మాత్రం నిజం.

అబ్బులు నన్ను దేనికి వాడాలో తెలియక కొన్నాళ్ళు పూతరేకుల పెట్టెలు మోయించాడు. ఆత్రేయపురం నుంచి విమానాశ్రయం దాకా ఒక్క రేకు చిట్లకుండా చేర్చాను. పూతరేకుకే ఏమీ కాలేదంటే పిల్లకేమవుతుందని అతనికి అప్పుడు తట్టింది. అప్పటినుంచీ చంటిపిల్లలతో దిగేవాళ్ళ ఫోన్లలో అతని పేరు ‘బేబీ సీటు అబ్బులు’ అయింది. పేరులో నేను ముందు, అతను వెనక. ఆ మాట నేనెప్పుడూ అతనితో అనలేదు లెండి.

నా జీవితం మొత్తంలో ఒక్క ప్రయాణం చెప్పమంటే వైదేహిగారి ప్రయాణమే చెబుతాను.

ఆవిడకి అమలాపురం కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ళు చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి తెచ్చుకున్న ఉద్యోగం. దసరా అయిన రెండో రోజు సాయంత్రం అయిదులోగా చేరాలి, లేకపోతే జాబితాలో తరవాతి పేరుకి పోతుంది. భర్త సరుకుల ఓడలో ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. ముందే వద్దామంటే ఎనిమిది నెలల కూతురు ఆమనికి జ్వరం. ఆఖరి రోజుకి గాని విమానం ఎక్కించవచ్చని డాక్టరు చెప్పలేదు. కాబట్టి ఆ తల్లి ఒంటరిగా, ఒక చంకలో పిల్ల, ఒక చేత్తో పెట్టె, భుజాన పాల సంచీతో రాజమండ్రిలో విమానం దిగాలి.

నాలుగు రోజుల ముందునుంచే ఆవిడ ఫోన్లు మొదలుపెట్టింది. అంతకుముందు అడిగిన వాళ్ళందరూ “చంటిపిల్లకి సీటేంటమ్మా, ఒళ్ళో పెట్టుకోండి” అన్నారట. ఆమనికి మూడో నెలలో అలాగే ఒళ్ళో పెట్టుకుని వెళ్తుంటే డ్రైవరు బ్రేకు వేశాడు. పిల్ల చేతుల్లోంచి జారి ముందు సీటుకి కొట్టుకుంది. కనుబొమ్మ మీద రెండు కుట్లు. “ఆ రోజు ఒట్టు పెట్టుకున్నానండీ, ఇంక ఒళ్ళో పెట్టుకుని కారెక్కను” అంది అబ్బులుతో. నాకు ఎప్పుడైనా యాక్సిడెంటయిందా, బెల్టులు అరిగాయా అని అడిగింది. ఫొటో పంపమంది. అబ్బులు ఒకటడిగితే నాలుగు పంపాడు. విమానం ఎన్నింటికి దిగుతుంది, కారు ఏ వైపు ఆగుతుంది, పెట్టె ఎవరు పట్టుకుంటారు, దారిలో పాలకి ఎక్కడ ఆపాలి, అన్నీ రాసుకుంది. పెళ్ళి ముహూర్తానికి కూడా అంత ఏర్పాటు చూడలేదు నేను. ఆవిడ లెక్కకి అందనిది ఒక్కటే. మధ్యలో దసరా ఉంది.

దసరా నాడు అబ్బులు కారు కడిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. అతని భార్య మంగతాయారు నా వైపు చూసి, “ఇది మాత్రం మనకి అన్నం పెట్టట్లేదేంటి?” అంటూ నాకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. నా జన్మలో నాకెవరూ బొట్టు పెట్టలేదు. ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఆ ఆనందంలో ఉండగానే, నా లాకు చూడ్డానికి నోరులా ఉందని కాబోలు, నైవేద్యం పెట్టిన బెల్లంలోంచి ఒక ముక్క తుంచి అందులో పెట్టింది. నేను మింగేశాను. ఎండలో అది కరిగి లోపలి స్ప్రింగు చుట్టూ చేరి, రాత్రికి గట్టిపడింది. భక్తికి అజీర్తి చేస్తుందని నాకేం తెలుసు?

ఆ ఆఖరి రోజున వైదేహిగారు విమానాశ్రయంలోంచి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అబ్బులు పరిగెత్తి పెట్టె అందుకున్నాడు. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. నేను ఎదురుచూస్తున్నానని తెలిసినట్టే చూసింది. ఆమనిని నాలో పడుకోబెట్టి, బెల్టులు సర్ది, నాలుకలు లాకులో పెట్టి నొక్కింది.

టక్ మనలేదు.

మళ్ళీ నొక్కింది. అబ్బులు నొక్కాడు. పిల్ల ఏడుపు అందుకుంది. నేను పళ్ళు బిగబట్టి ప్రయత్నించాను, నాకు పళ్ళంటూ ఉంటే. పావుగంట గడిచింది. అబ్బులు చొక్కా తడిసిపోయింది.

“అమ్మగారూ, టైమయిపోతందండి. పాపని ఒళ్ళో ఎట్టుకోండి. ఆయ్, నలభై దాటనివ్వనండి, అమ్మోరి మీదొట్టు.”

ఆవిడ వాచీ చూసుకుంది. పిల్ల కనుబొమ్మ చూసింది. ఆ ఒక్క నిమిషంలో ఆవిడ మొహం చూసినదాన్ని నేనే. ఆరేళ్ళ చదువూ అక్కడే ఉంది, రెండు కుట్లూ అక్కడే ఉన్నాయి.

“వద్దు. ఉద్యోగం పోతే పోనీ, ఈ లాకు పడకుండా కదలను” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మాట వణకలేదు. “అసలు ఇందులో ఏం పడింది? మొన్న ఫొటోలో బాగానే ఉందిగా?”

అబ్బులు ఇంటికి ఫోను చేశాడు. “ఓసే, సీటు లాకులో ఏమన్నా ఎట్టావేంటే?”

“బెల్లం ముక్కండీ…” అంది మంగతాయారు సన్నగా. “నోరు తెరుచుకునుంటే, దేవుడి పెసాదం కదాని…”

అబ్బులు తల పట్టుకున్నాడు. “నీ భక్తి తగలెయ్య! సీటుకెవరైనా కబళం ఎడతారేంటే?”

వైదేహిగారు తిడుతుందనుకున్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. “బెల్లమేగా, ఆవిణ్ణి ఏమనకండి. వేణ్ణీళ్ళకి కరుగుతుంది” అని పాల సంచీలోంచి ఫ్లాస్కు తీసింది. రెండుసార్ల పాలకి కాచి తెచ్చిన నీళ్ళు అవి. పిల్లకి ఆకలి వేళ. సగం సీసాలో పోసి, పాలపొడి కలిపి, అబ్బులు చేతికిచ్చింది. అతను ఆమనిని ఎత్తుకుని, “ఓ ఓ, మా తల్లే” అంటూ పాలు పడుతూ ఉంటే, మిగతా సగం నా నోట్లో కొంచెం కొంచెంగా పోసింది. తియ్యటి నీళ్ళు పచ్చగా కారాయి. నొక్కింది, తుడిచింది, మళ్ళీ పోసింది. ఫ్లాస్కులో అడుగు నీళ్ళు మిగిలాయనగా నా లోపల ఏదో సడలింది.

టక్!

బెల్టులు గట్టిగా లాగి చూసింది, రెండుసార్లు. ఊడలేదు. వైదేహిగారు నన్ను ముద్దుపెట్టుకుంది. పిల్లని కాదు, నన్ను.

రెండున్నర దాటాక బయల్దేరాం. రావులపాలెం దగ్గర మా ముందు పోతున్న అరటి లోడు బండి మీంచి గెల ఒకటి నడిరోడ్డున పడింది. అబ్బులు బ్రేకు తొక్కాడు. పాల సంచీ ఎగిరి ముందుకు పడింది, ఫ్లాస్కు సీట్ల కిందికి దొర్లింది. ఆమని మాత్రం ఒక కన్ను తెరిచి, నన్నే నమ్మినట్టు మళ్ళీ మూసుకుంది. అబ్బులు కారు పక్కకి ఆపి అద్దంలో చూశాడు.

“నేను ఒళ్ళో ఎట్టుకోమన్నానండి” అన్నాడు.

అయిదుకి పది నిమిషాలుండగా వైదేహిగారు నన్ను పిడి పట్టి ఎత్తుకుని, నిద్రపోతున్న పిల్లతో సహా ప్రిన్సిపాలు గదిలోకి నడిచింది. బల్ల మీద ఫైళ్ళు జరిపి నన్ను పెట్టారు. అక్కడే, నా పక్కనే ఆవిడ సంతకం చేసింది. సంతకాలు చాలామంది చేస్తారు, అది చూసే భాగ్యం ఎన్ని కుర్చీలకి కలుగుతుంది?

ఆ తరవాత నాలుగేళ్ళలో ఎందరో పిల్లల్ని మోశాను. పోయిన నెల వైదేహిగారు అబ్బులు కారెక్కి, నన్ను బోర్లించి, అడుగున గడువు తేదీ ఉన్న చీటీ చదివి, “దీని కాలం అయిపోయింది అబ్బులుగారూ. పైకి గట్టిగా కనిపిస్తుంది గాని ప్లాస్టిక్కు లోపల పెళుసెక్కుతుంది, దెబ్బకి ఆగదు” అంది. అబ్బులు ఆ సాయంత్రమే నన్ను పాత సామాన్ల కొట్టుకి తీసుకొచ్చాడు.

“బెల్టులు బాగున్నాయిగా, ఎవరికన్నా ఇస్తే వాడుకుంటారు” అన్నాడు కొట్టువాడు.

అబ్బులు అతని దగ్గర కత్తెర అడిగి తీసుకున్నాడు. నా ముందు గొంతుకూర్చుని, కాసేపు గుడ్డ నిమిరాడు. తరవాత రెండు బెల్టులూ కోశాడు, ఎవరూ కుట్టుకోవడానికి వీల్లేకుండా మూడు చోట్ల. కోస్తున్నంతసేపూ ఏడ్చాడు.

నాకేం బాధ కలగలేదు, నిజంగా. ఇంక ఏ తల్లీ నన్ను నమ్మి బిడ్డని పడుకోబెట్టదు. నేను నాకు నేనుగా చేసుకోలేని ఆ ఒక్క పనీ అబ్బులు చేసి పెట్టాడు.