పేరయ్య ఫొటో దగ్గరి బల్బు

రెండేళ్ల గ్యారంటీ అని అట్టపెట్టె మీద అచ్చేసిన బల్బు నాలుగు నెలలకే పోతే ఎవరైనా కొట్టువాడిని తిట్టుకుంటారు. సుబ్బరత్నం మాత్రం తనను తానే తిట్టుకుంది. ఏడాదిన్నరలో ఇది నాలుగోది. రేపల్లెలో ఆమె ఇంటి వసారాలోనూ, వంటింట్లోనూ అదే కంపెనీ బల్బులు, ఒకేరోజు కొన్నవి, నిక్షేపంగా వెలుగుతున్నాయి. పోయేదల్లా భర్త పేరయ్య ఫొటో దగ్గరిదే.

ఎందుకు పోతోందో ఆమెకు తెలుసు. కనీసం తెలుసనుకుంది. పేరయ్య నోరెత్తి పోట్లాడే మనిషి కాదు. కోపమొస్తే లేచి లైటు తీసేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎదుటివాళ్లు అన్నం తింటున్నా సరే, చీకట్లో తడుముకోవాల్సిందే. ఆఖరి రాత్రి కూడా అదే చేశాడు. కొత్త వల కొనే విషయంలో మాటామాటా పెరిగింది, ఆయన లైటు తీసేశాడు. తెల్లారి సుబ్బరత్నం పలకరించకుండానే ఎండుచేపల గంప ఎత్తుకుని తెనాలి రైలెక్కింది. వేటకెళ్లిన పేరయ్యకు పడవలోనే గుండె ఆగిపోయింది.

అందుకే బల్బు ఆరినప్పుడల్లా, కోపం ఇంకా తగ్గలేదని ఆమె అనుకునేది. బతిమాలింది. ఆయనకిష్టమని చింతకాయ వేసి రొయ్యలు వండి ఫొటో ముందు పెట్టింది. అయినా నాలుగు నెలలు తిరిగేసరికి మళ్లీ చీకటే.

గురువారం తెనాలి సంతపని చూసుకుని, మాడిన బల్బు పట్టుకుని రమేష్ బాబు కరెంటు సామాన్ల కొట్టు మెట్లెక్కింది. రమేష్ బాబుకి నోరు కాస్త దురుసు, మనసు మంచిది. బల్బుని తిప్పి చూసి, చెవి దగ్గర ఊపి, మొహం చిట్లించాడు.

"ఏంటక్కా ఇది? కరెంటు హెచ్చుతగ్గులైతే ఇంట్లో అన్నీ పోవాలి. ఒక్కచోటే పోతోందంటే తప్పు బల్బుది కాదండి, అది ఉన్న చోటుది. ఎక్కడ పెట్టారు?"

ఆమె ఫోన్లో చూపించింది. సముద్రపు తేమకి ఫొటోలన్నీ మచ్చలుపడి పోతున్నాయని, మరిది శ్రీనివాస్ బాపట్లలో ప్రత్యేకంగా చేయించిన అద్దాల పెట్టె అది. ఉప్పుగాలి చొరబడకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కూడా వేయించాడు. పెట్టెలో పేరయ్య, పేరయ్య పక్కనే బల్బు. పోయినప్పుడల్లా కొత్తది పెట్టి, ఏడాదిన్నరగా పగలూ రాత్రీ వెలిగిస్తూనే ఉంది.

రమేష్ బాబు తల పట్టుకున్నాడు. ఎల్ఈడీ చల్లగా వెలుగుతుందని అందరూ అనుకుంటారనీ, దాని మెడ దగ్గరుండే సర్క్యూటు మాత్రం వేడెక్కుతుందనీ, గాలి తగిలితే ఏళ్ల తరబడి పనిచేసేది ఇలా మూసిపెడితే ఉడికి చస్తుందనీ చెప్పాడు. బల్బుని పెట్టె బయట పెట్టుకోమన్నాడు.

"అంతేనా తమ్ముడూ? ఇంకేం లేదా?"

తన మాట నమ్మడం లేదని రమేష్ బాబుకి చిర్రెత్తింది. "ఇంకేం లేదండి. వేడి, అంతే."

ఆ రోజు సుబ్బరత్నం తేలికపడిన మనసుతో ఇల్లు చేరింది. ఆయనకు కోపం లేదు. చాలాకాలానికి కడుపునిండా తింది. శ్రీనివాస్ వచ్చి హోల్డరుని పెట్టె పైన గోడకి మార్చాడు.

నాలుగు నెలలు గడిచాయి. బల్బు పోలేదు. అయిదు, ఆరు. గంప దించీ దించకముందే ఆమె లోపలికి తొంగిచూసేది. వెలుగుతూనే ఉండేది. ఎందుకో మరి, చూసిన ప్రతిసారీ ఆమెకు నీరసం ముంచుకొచ్చేది.

ఎనిమిదో నెలలో కూతురు భాగ్యశ్రీ బాపట్ల నుంచి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ ఎండుచేపలు చెరుగుతుండగా, ఆ కొట్టతను చెప్పింది నిజమే, ఇక ఆ బల్బుకి ఢోకా లేదని భాగ్యశ్రీ మాటవరసకి అంది.

సుబ్బరత్నం చేట పక్కన పెట్టింది.

"కోపమైతే ఏదో ఒకనాటికి తగ్గేదే. దానికోసమే కాచుక్కూర్చున్నాను ఇన్నాళ్లూ." లోపల వెలుగుతున్న బల్బు వైపు చూసింది. "మీ నాన్న లేడే, భాగ్యం."

శవాన్ని ఒడ్డుకు చేర్చిన రోజున కూడా ఏడవని మనిషి, చేతులకి చేపల పొలుసులు అలాగే ఉండగా, కూతురి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.