బ్రాకెట్ ముందున్న రెండు

జోంబా జిల్లా లెక్కల పోటీలో నెగ్గిన ఎనిమిదో తరగతి పిల్లకు బోర్డింగు స్కూల్లో సీటు ఇస్తారు. చివరికి ఇద్దరు పిల్లలు సమానంగా మిగిలారు. ఆఖరి ప్రశ్న నల్లబల్ల మీద రాశారు: 12 ÷ 2(1 + 2).

వాళ్లలో ఎలూబె ముందుగా లేచి, "పద్దెనిమిది" అంది.

నచిసాలే టీచరు గుండె కుదుటపడింది. ముందు బ్రాకెట్, ఆపైన భాగహారమైనా గుణకారమైనా ఎడమ నుంచి వరసగా. తను నేర్పినట్టే చేసింది పిల్ల.

"కాదు, రెండు" అన్నాడు తీర్పు చెప్పడానికి వచ్చిన జిల్లా విద్యాధికారి కామ్వెండో. బ్రాకెట్‌ని అంటుకుని ఉన్న అంకె బ్రాకెట్‌దేననీ, ముందు దాన్ని గుణించాకే భాగించాలనీ, తమ కాలంలో అలాగే చదువుకున్నామనీ వివరించాడు.

ఎలూబె కూర్చోలేదు. "మా మేడమ్ అలా చెప్పలేదు సార్."

హాల్లో నవ్వులు లేచాయి. కామ్వెండో నచిసాలే వైపు తిరిగాడు. "ఏం మేడమ్, మీరేం చెప్పారు?"

ఆ ప్రశ్న రాసిన తీరే సరిగా లేదని నచిసాలేకు తెలుసు. ఇంకో బ్రాకెట్ వేస్తే తప్ప ఏ జవాబూ ఖాయం కాదు. దాన్ని కొట్టేసి వేరేది ఇమ్మని అడిగితే సరిపోయేది. కాని ఆమెను హెడ్‌మిస్ట్రెస్‌ని చేసే కాగితం నెల రోజులుగా ఆయన సంతకం కోసమే ఆగి ఉంది.

"పిల్ల తొందరపడింది సార్" అంది.

సీటు అవతలి పిల్లకు పోయింది.

తిరుగు ప్రయాణంలో మినీబస్సులో నచిసాలే కొనిపెట్టిన మందాజీ బూరెను ఎలూబె ముట్టలేదు. దిగే ముందు నోటుబుక్కు తెరిచి చూపించింది. అచ్చం అలాంటి లెక్కే, కింద నచిసాలే ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు.

"ఇది తప్పా మేడమ్?"

"తప్పు కాదమ్మా."

"మరి అక్కడ చెప్పలేదేం?"

పెద్దవాళ్లతో వాదించకూడదనీ, ముందు ముందు ఇంకా పోటీలు వస్తాయనీ నచిసాలే ఏదో చెప్పింది. ఎనిమిదో తరగతి దాటితే ఆ పోటీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. తోటి టీచర్లు కోడికూర, మొక్కజొన్నపిండి ముద్ద న్సిమా వండించి విందు చేశారు.

ఎలూబె బడి మానలేదు, చెయ్యెత్తడం మానేసింది. ఒకరోజు నచిసాలే ఆమెను పేరు పెట్టి పిలిచి బోర్డు దగ్గర లెక్క చెయ్యమంది. ఎలూబె గబగబా చేసుకుంటూ వచ్చి, చివరి వరసలో సుద్దముక్క ఆపింది.

"ఇక్కడ మీకు ఏ జవాబు కావాలి మేడమ్?"

అందులో వెటకారం లేదు. తెలుసుకోవడానికే అడిగింది. క్లాసంతా టీచరు నోటి వంక చూస్తోంది. నచిసాలే డస్టరు తీసుకుని లెక్క మొత్తం తుడిచేసి, ఇంకొకరిని లేపింది.