కామెర్ల కాగితం

పట్టాభి సారుకు ఫుట్‌బాల్ నచ్చడానికి కారణం ఒక్కటేనని అంతయ్య నమ్మకం. ఆటలో సగం అంటే నలభై అయిదు నిమిషాలు. కోచింగ్ సెంటర్‌లో ఒక పీరియడ్ కూడా నలభై అయిదు నిమిషాలే.

పట్టాభి గుంటూరు జిల్లా మనిషి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో, రెండో అంతస్తులో పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. ఎల్బీనగర్ ఫ్రెండ్స్ జట్టుకు మేనేజరయి ఆరేళ్లయింది. జెర్సీలు, బూట్లు ఆయనే కొంటాడు కాబట్టి ఆయన మాటకు ఎదురు లేదు. వచ్చిన మొదటి నెలలోనే ఇరవై ఇద్దరు ఆటగాళ్లను ఏ బ్యాచి, బి బ్యాచి అని విడదీశాడు. మొదటి సగం ఏ బ్యాచి ఆడుతుంది. పట్టాభి చేతిగంట కొడతాడు. పదకొండు మందీ బయటికొస్తారు, బి బ్యాచి పదకొండు మందీ లోపలికి పోతారు. ఎందరినైనా మార్చుకోవచ్చన్న టోర్నమెంటు నిబంధన మిగతా జట్లకు వెసులుబాటు. పట్టాభికి అది సిలబస్.

హాజరు పట్టీ కూడా ఉంది. తెల్లవారుజామున ప్రాక్టీసుకు పేరు పిలుస్తాడు. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాడు మ్యాచి రోజు బెంచీ మీద కూర్చుంటాడు.

అంతయ్యది మన్సూరాబాద్. ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా కరెంటు స్తంభాలు ఎక్కి దిగాడు. భార్య ఐలమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లో పోట్లాడటానికి మనిషి లేదు. ఆదివారాలు మైదానానికొచ్చి మూడో మెట్టు మీద కూర్చుని ఆ లోటు తీర్చుకుంటాడు. పక్కన మురళీకృష్ణ కూర్చుంటాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు, తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. రాష్ట్రం సంగతి వస్తే ఇద్దరికీ మాట కలవదు. పట్టాభి సంగతి వస్తే ఒక్కటే మాట. ఆ మెట్టు మీద పక్కపక్కన కూర్చోవడానికి అదొక్కటే ఆధారం.

సెమీఫైనల్లో సగం ఆటకి రెండు గోల్స్ ముందున్నారు. పట్టాభి గంట కొట్టాడు.

"గెలిసే జట్టును పదకొండుకు పదకొండు మార్చిండు. గిది ఎక్కడన్న ఉందా సారూ?" అన్నాడు అంతయ్య.

"ఎక్కడా లేదండీ. మా తెనాల్లో కూడా లేదు."

"మీ తెనాలి ముచ్చట నేనడగలే."

"మనిషి మా జిల్లావాడే గానీ అంతయ్య గారూ, తప్పు మా జిల్లాది కాదు. అది చెబుదామని."

మూడు రెండు తేడాతో గెలిచారు. గెలిచినందుకు అంతయ్యకు మరింత మండింది. ఓడిపోయి ఉంటే పట్టాభి నిలదీయడానికి దొరికేవాడు.

అసలు మంట అది కాదు. ఆ రోజు బెంచీ మీద భిక్షపతి కూర్చున్నాడు.

భిక్షపతిది నగరం బయట పెద్ద అంబర్‌పేట. వాళ్ల నాయన అంతయ్యతో పాటు లైన్ల మీద పనిచేసినవాడు. బి బ్యాచిలో ఎడమ వైపు ఆడతాడు. బంతి ఎడమ కాలికి తగిలిందంటే ఎదుటివాడు పక్కకు జరగాల్సిందే. డిసెంబరు దాటితే ఉద్యోగానికి వయసు మీరుతుంది. ఫైనల్ చూడటానికి సికింద్రాబాదు నుంచి ఒక పెద్ద సంస్థ సెలెక్టరు వస్తున్నాడు. క్రీడల కోటాలో ఒక్క ఉద్యోగం ఉంది. భిక్షపతి ఆ నలభై అయిదు నిమిషాలు ఆడితే ఆ ఉద్యోగం వాడిదేనని అంతయ్యకే కాదు, ఆట తెలిసినవాళ్లందరికీ తెలుసు.

కానీ సకల జనుల సమ్మె నడుస్తోంది. బంద్‌లకు కొన్ని, బస్సుల్లేక కొన్ని, భిక్షపతి పద్నాలుగు ప్రాక్టీసులు పోగొట్టుకున్నాడు.

అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. కోచింగ్ మూతపడింది. షట్టరు సగం దించి ఉంది. లోపల పట్టాభి ఖాళీ బెంచీల ముందు కూర్చుని జట్టు హాజరు పట్టీకి అట్ట వేస్తున్నాడు. పిల్లలు లేకపోయేసరికి ఆయన టైమ్ టేబుల్ మొత్తం జట్టు మీద పడింది.

"సారూ, బిక్షపతిని ఫైనల్ల ఆడిపియ్యాలె."

"నలభై మూడు ప్రాక్టీసులకి ఇరవై తొమ్మిదికే వచ్చాడండీ. అరవై ఏడు శాతం."

"బస్సులు బందున్నయి గద సారూ. పెద్దంబర్‌పేట కెల్లి ఎట్లొస్తడు?"

"అంత దూరం నుంచి నాదర్‌గుల్ కుర్రాడు వస్తున్నాడు కదండీ."

"వానికి బండున్నది."

"పట్టీలో బండి కాలమ్ లేదు అంతయ్య గారూ. పేరు, తేదీ, హాజరు. అంతే."

"మీరు మా పోరగాన్ని కావాలనే కూసోబెడుతున్నరు."

పట్టాభి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా తమ్ముడి కొడుకుని కూడా కూర్చోబెట్టానండీ. డెబ్బై మూడు వచ్చింది వాడికి. ఒంట్లో బాగోక రాకపోతే అది వేరే సంగతి. డాక్టరు కాగితం తెస్తే మినహాయింపు ఉంటుంది. కాలేజీల్లోనూ అంతే."

అంతయ్య మెట్లు దిగుతూ మొదటిసారి పట్టాభిని లోకువగా చూశాడు. ముప్పై నాలుగేళ్లు సర్కారు కొలువు చేసినవాడికి డాక్టరు కాగితం సంగతి ఒకరు చెప్పాలా?

కొత్తపేటలో ఎల్లయ్య డాక్టరు ఉన్నాడు. జ్వరానికి సూది వేస్తాడు, సెలవుకు కాగితం ఇస్తాడు. రెండో పనికే పేరు. దసరాకు ఊరికి పోయాడు. పండగ దాటిన మర్నాడు దొరికాడు.

"జరమని రాయనా అన్నా?"

"జరమంటే మూడొద్దులు. గట్టిది రాయి."

"కామెర్లు రాస్త. కామెర్లను ఎవ్వడు కాదనడు. ఎన్ని వారాలు?"

"బస్సులు బందైన కాడికెల్లి నాలుగు వారాలు రాయి. తక్కువ రాస్తే నమ్మడు."

ఎల్లయ్య ఇంగ్లీషులో రాసి ముద్ర వేశాడు. అంతయ్యకు ఇంగ్లీషు రాదు. ముద్ర చూసుకున్నాడు, బాగా పడింది. శనివారం పోయి కోచింగ్ ఆఫీసులో మృదుల అనే అమ్మాయికి కవరు ఇచ్చి, సారుకు చేర్చమని మూడుసార్లు చెప్పాడు. భిక్షపతికి మాత్రం చెప్పలేదు. వాడు అబద్ధానికి ఒప్పుకునే రకం కాదు. వాళ్ల నాయనా అంతే. ఆ బుద్ధితోనే హెల్పరుగా చేరి హెల్పరుగానే పోయాడు.

ఆదివారం ఫైనల్. ఎదుటి జట్టు మలక్‌పేటది. సెలెక్టరు తెల్ల టోపీ పెట్టుకుని షామియానా కింద కూర్చున్నాడు. మొదటి సగం ఏ బ్యాచి ఆడింది. గోల్స్ లేవు. అంతయ్య చేతులు కట్టుకుని నిమ్మళంగా చూశాడు. మురళీకృష్ణకు అనుమానం వచ్చింది.

"ఏంటండీ, ఇవాళ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు?"

"గంట కొట్టనియ్యి."

పట్టాభి గంట కొట్టాడు. బి బ్యాచి దిగింది. ఎడమ వైపు చంటి దిగాడు.

చంటి వనస్థలిపురం కుర్రాడు. వాళ్లది కాకినాడ. భిక్షపతి బెంచీ మీదే ఉన్నాడు. ఎవరో వాడి నెత్తిన గొడుగు పట్టారు. చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. ఎందుకిచ్చారో తెలియనట్టు దాన్ని చూస్తున్నాడు.

"చూసినవా సారూ? ఆంధ్ర పిలగాన్ని దింపిండు!"

"ఆంధ్రావాణ్ణి దింపినా నేను ఊరుకుందునండీ. ఆట వచ్చినవాణ్ణి దింపాలిగా! ఆ చంటిగాడు ఎడమ కాలితో తంతే బంతిని వెతుక్కోడానికి ఆటో కట్టించుకోవాలి."

అంతయ్య మెట్లు దిగి గీత దాకా పోయాడు.

"ఏంది సారూ గిది? కాగితమిచ్చిన గద!"

పట్టాభి అంతయ్య భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. ఆయన ఎవరి మీదా చెయ్యి వెయ్యడం అంతయ్య రెండేళ్లలో చూడలేదు.

"నిన్న చదివాక నాకు నిద్ర పట్టలేదండీ. ఆ రోజు మీరొచ్చి వెళ్లిన దగ్గర్నుంచి ఆ పిల్లాడు రోజూ ప్రాక్టీసుకొచ్చాడు. పన్నెండు రోజులు. పెద్ద అంబర్‌పేట నుంచి నడిచి. కామెర్లతో! ఒక్కరికీ చెప్పలేదు."

అంతయ్యకు ఈ నడక సంగతి తెలియదు. ప్రాక్టీసులు చూడటానికి ఆయన ఎన్నడూ రాలేదు. తిట్టడానికి మ్యాచిలు చాలు.

"అయితే హాజరు?" అన్నాడు అంతయ్య.

"యాభై అయిదుకి నలభై ఒకటి. డెబ్బై నాలుగు పాయింటు అయిదు నాలుగు. సగం దాటితే పై అంకె వెయ్యాలి, అది లెక్కల నియమం. డెబ్బై అయిదు వేసేశాను. శుక్రవారమే లిస్టులో పేరు రాశాను. అదృష్టం బాగుండి శనివారం మీ కాగితం వచ్చింది. పదహారో తారీఖు దాకా మంచం దిగకూడదని ఉంది అందులో. లేకపోతే ఎంత పాపం చేసేవాణ్ణి!"

"గది ఉత్తదే సారూ! నేనే రాపిచ్చిన. వానికేం రోగం లేదు."

"వాడూ అదే అంటున్నాడండీ. బాగానే ఉన్నానని."

"మరి దింపుండ్రి!"

"రోగులంతా అలాగే అంటారు. బాగైందని డాక్టరు రాసివ్వాలి కదా."

సర్కారు కొలువులో అంతయ్య సెలవు కాగితంతో పాటు రెండో కాగితం ఎన్నిసార్లు రాయించుకోలేదు? బాగైంది, పనిలో చేరవచ్చు అని. సెలవు ఒకటి, చేరిక ఒకటి. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ మరిచిపోలేదు. ఇప్పుడు మరిచిపోయాడు.

మురళీకృష్ణ స్కూటరు తీశాడు. కొత్తపేట దగ్గర రోడ్డు మీద పొయ్యి పెట్టి వంట చేస్తున్నారు. రోడ్డు ఆపి చేసే ఉద్యమం వంటావార్పు. పసుపు రాసిన ఇటుకల పొయ్యి దగ్గర ఒకామె గరిటెతో అడ్డం వచ్చింది.

"జై తెలంగాణ అను, పోదువు."

"జై తెలంగాణ," అన్నాడు అంతయ్య.

"నువ్వు గాదు. బండి నడిపెటాయన."

మురళీకృష్ణ గడియారం చూసుకున్నాడు. అన్నాడు.

"జర గట్టిగ."

గట్టిగా అన్నాడు. ఇద్దరికీ చెరో విస్తరిలో పులిహోర పెట్టి దారి వదిలారు. పులిహోర తింటూ బండి ఎక్కడం కుదరదు కనక నిలబడి తిన్నారు.

"ఈ సంగతి మా ఆవిడ ముందు అనకండి," అన్నాడు మురళీకృష్ణ మళ్లీ కిక్కు కొడుతూ.

ఎల్లయ్య కాగితం రాశాడు, ముద్ర వేశాడు. తిరిగొచ్చేసరికి ఇంకా పన్నెండు నిమిషాలు ఉంది. గోల్స్ లేవు. పట్టాభి రెండో కాగితం చదివాడు. జేబులోంచి మొదటిది తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాడు.

"డాక్టరు ఒక్కడే. ముద్ర ఒక్కటే. ఒకటి కామెర్లంటుంది, ఒకటి లేవంటుంది. మొదటిది అబద్ధమని మీరే అన్నారు. అబద్ధం రాసిచ్చినవాడి రెండో కాగితం నేనెలా నమ్మాలండీ?"

"రెండోది నిజం సారూ."

"మొదటిదానికీ ముద్ర ఉంది. నాకు తేల్చుకోడానికి దారి లేదు. పిల్లాడికి నష్టం లేనిదాన్నే నమ్ముతాను." కాగితాలు రెండూ మడిచి హాజరు పట్టీలో పెట్టుకున్నాడు.

అంతయ్య రెండేళ్లుగా పట్టాభికి చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ పనికి రాలేదు. ఆ మనిషి చెప్పిందాంట్లో తప్పు వెతికాడు. దొరకలేదు.

ఆట ముగియడానికి నాలుగు నిమిషాల ముందు ఎవరో కొట్టిన బంతి చంటి మోకాలికి తగిలి గోల్లోకి పోయింది. చంటి అప్పుడు బూటు సర్దుకుంటున్నాడు. జట్టు గెలిచింది. టోపీ సెలెక్టరు చంటిని పిలిచి పేరు, ఎత్తు, వయసు రాసుకున్నాడు. పట్టాభి చప్పట్లు కొట్టాడు. పాతికేళ్ల పాఠాల్లో ఆయన చప్పట్లు కొట్టడం అదే మొదలని మృదుల ఎవరికో చెబుతోంది.

"మొత్తానికి గెలిచాం," అన్నాడు మురళీకృష్ణ. అంతయ్య ముఖం చూసి స్కూటరు దగ్గరికి పోయాడు.

భిక్షపతి గేటు బయట బూట్ల లేసులు ముడేసి మెడలో వేసుకుంటున్నాడు. అంతయ్య ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"నీకు కామెర్లని సారుకు కాగితమిచ్చింది నేనేరా."

భిక్షపతి ముడి సగంలో ఆపి తలెత్తాడు. "నాకు చెప్పకుంటనా కాకా?"

"చెప్తే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలే."

"శుక్రారం సారు నా పేరు రాసిండని తెలుసా నీకు?"

"గిప్పుడు తెలిసింది."

"పన్నెండొద్దులు నడిసిన." వాడు అరవలేదు. తేదీ చెప్పినట్టు చెప్పాడు.

"తిట్టురా. కొట్టినా పడత."

భిక్షపతి బూట్లు వెనక్కి వేసుకున్నాడు.

"తిడితే నీకు నిమ్మళమైతది కాకా. అందుకే తిట్టను."

వాడు విజయవాడ రోడ్డు మీదికి ఎక్కి, బస్సుల్లేని ఆ రోడ్డు నడుమ గీత పట్టుకుని నడిచాడు. అంతయ్య వాడు కనపడినంతసేపూ నిలబడ్డాడు. వాడు వెనక్కి చూడలేదు.